స్టాఫ్ రూముకి దొరికిన పరుగు

మా బావ బడిలో ఆటల మాస్టారు. పిల్లలు ఈల మాస్టారు అంటారు. "మా కుక్కర్ ఈల వేస్తే నేనైనా లేస్తాను, ఈయన వేస్తే బడిలో ఎవరూ లేవరు" అని మా అక్క ఆటపట్టిస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. పరీక్షలు దగ్గరపడితే చాలు, ఆటల పీరియడు లెక్కల మాస్టారి ఖాతాలోకి పోతుంది.

పోయినేడు ఒకరోజు బావ బంతుల గది తాళంచెవి స్టాఫ్ రూములో మరిచిపోయి, ఏడో తరగతి పిల్లనొకదాన్ని తెమ్మన్నాడు. స్టాఫ్ రూము మైదానానికి ఆ చివర. ఈయన బూటు లేసు కట్టుకునేలోపు తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టింది. బావ నమ్మలేక మళ్ళీ పంపాడు, ఈసారి స్టాప్‌వాచ్ నొక్కి. ఆ సాయంత్రం ఇంట్లో ఆయన నోరు మూతపడితే ఒట్టు.

"ఇన్నేళ్ళలో ఇలాంటి కాళ్ళు చూడలేదురా" అన్నాడు నాతో.

"ముందు మీ కాళ్ళు కడుక్కుని రండి" అంది అక్క.

క్రీడా పాఠశాలకి ఎంపికలు రెండు నెలల్లో ఉన్నాయి. అందులో సీటు వస్తే చదువు, తిండి, శిక్షణ అన్నీ వాళ్ళే చూసుకుంటారు. బట్టలు కుట్టే ఆ పిల్ల తల్లి వెంటనే ఒప్పుకుంది. రోజూ ఓ గంట సాధనకి వదలమని బావ పెద్ద మేడమ్‌ని అడిగాడు. ప్రతిభని ప్రోత్సహించడానికే కదా మనం ఉన్నది, అందావిడ. మర్నాటి నుంచి ప్రోత్సాహం మొదలైంది. సర్క్యులర్ తిప్పాలన్నా, టీ ఫ్లాస్కు తేవాలన్నా, ఎవరైనా కళ్ళజోడు మరిచిపోయినా ఆ పిల్లకే పిలుపు.

"దానికి ప్రాక్టీసు, మనకి పని" అన్నాడు లెక్కల మాస్టారు, తన తెలివికి తానే మురిసిపోతూ.

సాయంత్రం మైదానానికి వచ్చేసరికి పిల్ల కాళ్ళీడ్చుకుంటూ ఉండేది. బావకి ఒళ్ళు మండిపోయేది. నాకూ అంతే. బాగా పాడే పిల్ల దొరికితే వీళ్ళు గేటు దగ్గర నిలబెట్టి పేర్లు పిలిపిస్తారు కాబోలు.

ఎంపికల రోజునే బడికి తనిఖీ వచ్చి పడింది. బావ ఆటో పిలిచి గేటు దగ్గర నిలబడితే పిల్ల ఎక్కడా లేదు. తనిఖీ కాగితాలు జెరాక్స్ తీయించుకు రమ్మని పంపారట. కొట్లో కరెంటు పోతే, అది వచ్చేదాకా కాగితాలు చంకలో పెట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఇద్దరూ స్టేడియం చేరేసరికి అక్కడివాళ్ళు టేపు చుట్టేస్తున్నారు. బావ బతిమాలాడు. వచ్చే ఏడాది తీసుకురమ్మన్నారు. తిరిగొచ్చాక పెద్ద మేడమ్ అడిగిన మొదటి మాట, కాగితాలు ఏవని.

ఈ ఏడాది బావ ఊరుకోలేదు. స్టాఫ్ మీటింగులో అందరి ముందూ గొడవ పెట్టుకుని, ఆ పిల్లకి ఎవరూ పని చెప్పకూడదని పెద్ద మేడమ్ చేత అనిపించాడు. ఆ ఉత్సాహంలోనే ఎనిమిదో తరగతికి కబురు పంపి, మైదానంలో నిలబడ్డాడు. పిల్ల ఆ చివరి నుంచి మెల్లగా నడుచుకుంటూ వచ్చింది.

"గబగబా రావొచ్చు కదమ్మా. కాలు నొప్పా?"

"లేదు సార్. తొందరగా వస్తే ఇంకో పని చెప్తున్నారు సార్. అందుకే మానేశా."

"ఇంక ఎవరూ చెప్పరమ్మా. నేను అందరితో మాట్లాడాను."

పిల్ల బుద్ధిగా తలూపింది.

"సరే సార్. ఇప్పుడు ఎవరికి ఏం ఇచ్చి రావాలి సార్?"