వేయని ఇంజెక్షన్

మా బావగారికి కొత్త మందంటే ఎంత మోజో ఈ కాలువ కింద అందరికీ తెలుసు. పురుగుమందుల కంపెనీవాళ్లు తెక్కలకోటలో బస్సు దిగితే ముందు మా ఇల్లే అడుగుతారు. బావగారు రోడ్డు పక్క మడిని నడుమ గట్టు వేసి రెండు చేస్తారు. ఒక సగానికి కొత్త మందు, రెండో సగం ఉత్తది. కోతకు ముందు టెంటు వేసి, వచ్చినవాళ్లకు ఉగ్గాని, బజ్జీలు పెట్టి, "ఉత్తగా ఇడిసిన సగం లేకుంటే మందు పని చేసిందో లేదో ఎట్ల తెలుస్తాదప్పా?" అని పాఠం చెప్పేదీ ఆయనే. ఇదంతా కళ్లారా చూసినదాన్ని కాబట్టే నాకు కడుపు మంట.

నా భర్త ఆయనకు తమ్ముడు. నాట్లు పడుతున్న రోజుల్లో ఒక పొద్దున పంపుసెట్టు దగ్గర కుప్పకూలాడు. మూతి పక్కకు పోయింది, కుడి చెయ్యి లేవలేదు. వెంటనే కారులో వేసుకుని బళ్లారి ఆసుపత్రికి తీసుకెళ్లాం. మెదడులో నరం చిట్లి రక్తం కారిందని స్కానింగ్‌లో తేలింది.

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి కన్నడం, తెలుగు కలిపి ఓపిగ్గా చెప్పింది. "నోడమ్మా, కారిన రక్తం కారిపోయినాది. ఇంక దాని సుట్టూ మెదడు వాస్తాది. ఆ వాపు బాగుండే చోటును గూడా పాడు చేస్తాది." చిందిన రక్తాన్ని చూసి ఒంట్లోని కాపలా కణాలు శత్రువొచ్చాడనుకుని ఎగబడతాయట. వాటిని అదుపులో పెట్టే యాంటీబాడీ ఇంజెక్షన్ ఒకటి ఆ ఆసుపత్రిలో పరీక్షిస్తున్నారు. పనిచేస్తుందని ఇంకా రుజువు కాలేదు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉప్పునీళ్లు. ఎవరికి ఏది పడిందో ఇచ్చేవాళ్లకు కూడా తెలియదు. మిగతా వైద్యం అందరికీ ఒకటే. వేస్తే మాత్రం ఆ సాయంత్రం లోపలే వేయాలి.

నాకు బాగానే అర్థమైంది. చెడు ఏం జరగొచ్చో కూడా అడిగి తెలుసుకున్నాను. సంతకం పెడతానన్నాను. అంతలో బావగారు దిగారు.

మా ఇంట్లో బోరు వేయాలన్నా, పిల్లను కాలేజీలో చేర్చాలన్నా ఆయన మాట పడాలి. నా కాన్పుకు ఆపరేషన్ కావాలంటే సరేనన్నది కూడా ఆయనే. కడుపు నాది, సరే ఆయనది.

"ఏందీ, మనోడేమన్నా ఎలుకనా? ఈళ్ల ప్రయోగాలకు మావాడే దొరికినాడా?" అన్నారు.

"మన మడి మాదిరే బావగారూ. సగం మందికి మందు, సగం మందికి..."

"మడీ మనిషీ ఒకటేనా? నువ్వు గమ్మునుండమ్మా, పెద్దోళ్లు మాట్లాడతాండారు."

పెద్దవాళ్లంటే ఆయనా, ఆయన ఫోనూ. బెంగళూరులో తెలిసిన డాక్టరును అడుగుతానని వరండాలో పచార్లు మొదలుపెట్టారు. ఆ డాక్టరేమో ఎత్తడు. "నా మొగుడు, నేను పెడతా సంతకం!" అని అరిచాను. వరండా అంతా తిరిగి చూసింది. డాక్టరమ్మ మా ఇద్దరినీ చూసి, "ఇంట్లోవాళ్లు ఒక మాట మీద లేకుంటే మేము చేర్చుకునేకి కాదమ్మా" అని కాగితాలు తీసుకుని వెళ్లిపోయింది. ఆమె మీద కూడా నాకు కోపమే.

చీకటి పడ్డాక బావగారు ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చి, "సరే, ఏపిద్దాం. మంచిదే అంటాండాడు ఆయప్ప" అన్నారు. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

ఆ ఇంజెక్షన్ పడి ఉంటే బాగయ్యేవాడని నేననను. మా వంతుకు ఉప్పునీళ్లే వచ్చేవేమో. అసలా మందే ఎందుకూ కొరగానిదేమో. అయినా మాకు ఒక అవకాశం వచ్చింది, దాన్ని చేజేతులా పోగొట్టారు. తమ్ముడి మీద ప్రేమతోనే పోగొట్టారని అందరూ అంటారు. ఆ ప్రేమను తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

డాక్టరమ్మ చెప్పినట్టే మెదడు వాచింది. మనిషి బతికాడు. మనం అనేదంతా అర్థమవుతుంది, నవ్వుతాడు, ఏడుస్తాడు. మాటలే పోయాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి "అన్నా". ఇలాంటి జబ్బులో అలా ఏదో ఒక మాట మిగిలిపోవడం ఉంటుందట. నీళ్లు కావాలన్నా అదే, చలేసినా అదే. నా మొహం చూస్తూ నన్ను పిలవాలని నోరు తిప్పి తిప్పి, చివరికి "అన్నా" అంటాడు. తన నోట వచ్చింది తనకే వినబడి గోడవైపు తిరుగుతాడు.

బావగారు వారం వారం వస్తారు. మంచం పక్కన కూర్చుని, "సూసినారా, అన్నీ మరిసినా నన్ను మరవలేదు నా తమ్ముడు" అని వచ్చినవాళ్లకు చెప్పి కళ్లు తుడుచుకుంటారు. వాళ్లూ తుడుచుకుంటారు. మొన్న అలాగే చెబుతుంటే మా ఆయన ఎడమచేత్తో మంచం కొడుతూ "అన్నా, అన్నా" అని ఒకటే అరుపు. బావగారు ఆ చెయ్యి పట్టుకుని భోరుమన్నారు. ఆయన్ను పక్కకు జరగమని చెప్పి నేను మా ఆయనకు మూత్రం డబ్బా పెట్టాను.