పన్నెండు వరుసల్లో ఏడు

నేను పుట్టింది దక్షిణాఫ్రికాలో, చెరకు తోటల మధ్య ఒక ఊళ్లో. అక్కడి కట్టడాలన్నిటిలోకీ పాతది చక్కెర మిల్లు. నాకన్నా ముప్పై రెండేళ్లు పెద్దది. కట్టిన సంవత్సరం గుమ్మం మీద ఉండేది కాబట్టి లెక్క కచ్చితంగా చెప్పగలను. పెళ్లయి 1951లో రాయపూర్ వచ్చాను. మావారు రైల్వేలో కట్టడాల మరమ్మతులు చూసేవారు.

ఊరి శివార్లలో, గుఢియారీలో మా ఇంటికి కాస్త దూరాన, పొలాల్లో ఒక రాతి గుడి ఉండేది. అరిగి గుంటపడిన ఆ గడప మీద మొదటిసారి కాలు పెట్టినప్పుడు ఒళ్లు జలదరించింది. ఎన్నేళ్లదని అడిగితే పూజారి వెయ్యేళ్లన్నాడు. పక్కింటావిడ రెండు వేలంది. మధ్యలో వెయ్యేళ్ల తేడా ఎవరికీ పట్టలేదు. నాకు మండిపోయింది.

గుడి పక్క గోడ మీద పన్నెండు వరుసల శాసనం ఉంది. ఆ లిపి నాకు రాదు. అక్షరాల ఆకారాలు చూసి, ఆదివారానికొక వరుస చొప్పున కాగితం మీద దింపుకునేదాన్ని, పూర్తయ్యాక చదివించుకోవాలని. సంవత్సరం సాధారణంగా చివర్లో ఉంటుందని సంస్కృతం మాస్టారొకరు ముందే చెప్పారు. అయినా పైనుంచే మొదలుపెట్టాను. వరుస తప్పి పని చేయడం నాకు అలవాటు లేదు.

ఎనిమిదో ఆదివారం వెళ్లేసరికి గోడ తెల్లగా ఉంది. శ్రీకాకుళం వైపు తాపీ మేస్త్రీ పనిముట్లు కడుక్కుంటున్నాడు. శాసనం ఏమైందని అడిగాను.

"రాయికి ఊరికే సున్నం పట్టదు కదమ్మా. ఉలితో గాట్లెట్టి మరీ మెత్తాం. పక్కా పని. తమరు వారం వారం వత్తన్నారని మన రైల్వే అయ్యగారే సెయ్యమన్నారు."

ఇంటికొచ్చి నిలదీస్తే మావారు నవ్వారు.

"సంవత్సరం లేదని ఏడాదిగా సణుగుతున్నావుగా. కింద మూల చూడలేదా?"

తిరిగి వెళ్లి చూశాను. రైల్వేవాళ్లు బాగుచేసిన వంతెన మీద వేసినట్టే, తడి సున్నంలో మేకుతో గీయించారు: 1952.

జరిగిన నష్టం ఆయనకు వివరించి చెప్పాను. ఈ దేశంలో పాత గుళ్లకేం కరువన్నారు. నేను పుట్టిన ఊళ్లో ఆ ఒక్క పాత మిల్లుకు కూడా కాపలా మనిషి ఉండేవాడు. పదకొండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నేను రాసుకున్న ఏడు వరుసల్లో రాజుగారి పొగడ్తలు తప్ప ఏమీ లేవని తర్వాత చదివినాయన తేల్చారు. మొదటి ఆదివారమే చివరి వరుస ముందు కూర్చుని ఉంటే సరిపోయేది. మాస్టారు నాకు ముందే చెప్పిన సంగతి మావారికి ఎప్పుడూ చెప్పలేదు.