నంబరు మీద పారిన తగరం

1958 ఫిబ్రవరి రెండో వారం, బుధవారం. లక్సెట్టిపేట. ఉన్నవారు: ఉస్తాద్, నేను, అడవి అంచు పల్లె నుంచి వచ్చిన ఒక రైతు, ఆయన భార్య.

ఆ రోజు నా డైరీలో మొదటి రెండు పంక్తులు ఇవే. ఉస్తాద్ అంటే మా దుకాణం యజమాని, నాకు పని నేర్పిన పెద్దాయన. తుపాకులు కట్టడానికీ బాగుచేయడానికీ సర్కారు అనుమతి ఉన్న దుకాణం మాది. మూతి నుంచి మందు కూరి పేల్చే తుపాకీని మా వైపు బర్మారు అంటారు. కొత్త బర్మారు ఏడాదికి ఒకటో రెండో కట్టేవాళ్లం. మిగతాదంతా మరమ్మతు పని. అందులోనూ ఎక్కువ భాగం గొట్టానికి చిన్న చిన్న ఇనుప ముక్కలు అతికించడమే. మూతి దగ్గర గురి చూసే గింజ, వెనక వైపు గురికి గంటు కోసిన పలక, అంటే దీద్‌బాన్, కూరుడు కడ్డీ నిలబడడానికి అడుగున ఉంగరాలు. వీటిని తగరం, సీసం కలిపిన మాటుతో అతికిస్తాం. గొట్టాన్ని ఎర్రగా కాల్చి ఇత్తడి మాటు పెడితే గట్టిగానే ఉంటుంది కానీ, అంత వేడికి గొట్టం మెత్తబడుతుంది. అందుకని ఉస్తాద్ దాన్ని ముట్టనిచ్చేవాడు కాదు.

రైతు తుపాకీకి దీద్‌బాన్ ఊడిపోయింది. మంచె మీది నుంచి జారి రాతి మీద పడిందట.

"గింజ కనవడ్తది, ఎనక గంటు లేదు. పంది ముందటనే నిలవడ్డా గురి దొరుకుతలేదన్నా," అన్నాడు రైతు.

"మంచె మీద గుర్రువెట్టి పండుకుంటే దొరుకుతదా?" అంది భార్య. "తుపాకి పడ్డది గాని, గీయన పడితె మీకు గీ పని లేకుండె."

"నువ్వు జర సప్పుడు జెయ్యకు."

మర్నాడు పొద్దున తహసీలు కచేరీలో ఏడాదికొకసారి జరిగే తుపాకుల తనిఖీ. అక్కడి గుమాస్తా గొట్టం మీది నంబరుపై పలచటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ ముద్రను రిజిస్టరులో అంటిస్తాడు. ముద్ర లైసెన్సు కాగితంతో సరిపోకపోతే తుపాకీ కొట్టుగదిలోకి పోతుంది. పై నుంచి జవాబు రావడానికి నెలలు పడుతుంది. రైతు జొన్న అప్పుడే పాలు పోసుకుంటున్నది.

దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. తుపాకీ చేతికి రాగానే గొట్టం మీది నంబరును వేలితో తడిమి, లైసెన్సుతో సరిచూసి, అప్పుడు పుస్తకంలో రాయాలి. ఆ రోజు నేను గొట్టం చూడకుండానే లైసెన్సు కాగితం నుంచి నాలుగు అంకెలూ చక్కగా దించుకున్నాను. గొట్టం మీద చమురూ మసీ పేరుకుపోయి ఉన్నాయి, నంబరు కనబడలేదు. కాగితం కనబడుతున్నది కదా అనుకున్నాను.

ఉస్తాద్ కడ్డీ దూర్చి గొట్టంలో మందు లేదని చూసుకుని, దాన్ని చెక్క నుంచి విడదీసి నాకిచ్చాడు. మాటు పట్టాలంటే ఇనుము తళతళలాడాలి. దీద్‌బాన్ అడుగు వెడల్పు మేరకు తోమితే చాలు. నేను జానెడు పొడవున ఇటుకపొడితో తోమాను. సగం మెరిసి సగం నల్లగా ఉంటే నా కంటికి నచ్చదు. మాటు పాకకూడని చోట దీపం మసి పూయడం పద్ధతి. మెరుపు ధ్యాసలో పడి తోముతున్నప్పుడు అంకెలను పట్టించుకోలేదు. నంబరు ఎక్కడుందో చూసి ఉంటే ముందు దాని మీదే పూసేవాణ్ణి. మాటు పట్టడానికి నవాసాగరం చల్లి, గొట్టం వేడెక్కాక మాటు అంటించాను. తగరం నీళ్లలా పారి నేను తోమిన మేరంతా పరుచుకుంది. దీద్‌బాన్ కుదురుగా కూర్చుంది. ఉస్తాద్ గింజ నుంచి గంటు దాకా దారం లాగి చూశాడు.

"షాబాష్. సీదా ఉన్నది," అన్నాడు. తర్వాత తనిఖీకి ముందు మేం ఎప్పుడూ చేసినట్టే కాగితం, పెన్సిలు తీశాడు. గొట్టాన్ని ఇటూ అటూ తిప్పాడు. "నంబర్ ఏది?"

నేనూ వంగి చూశాను. తోమిన మేరంతా తగరమే.

"ఏం జేసినవ్ మియా! నంబర్ మీద కళాయి వోసినవ్."

నేను ఆకురాయి అందుకోబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"అది కింద వెట్టు. ఒక్క గీత వడ్డా నంబర్ మార్చిండ్రంటరు. నిన్నేమనరు. పట్టుకపోయేది గీ పటేల్‌ను."

రైతు లేచి వచ్చాడు. జరిగింది దాచకుండా చెప్పాను.

"తుపాకి గుంజుకుంటరా?" అని అడిగాడు.

"గుంజుకుంటరేమో."

ఆయన గోడ వారగా కూలబడ్డాడు. మాట్లాడింది భార్యే.

"నిరుడు మక్క మొత్తం పందులకే వెట్టినం. గీ యేడు జొన్నలన్న మాకు దక్కుతయనుకుంటి. ఇగ ఇస్తార్లేసి పిలుద్దాం వాటిని." నా వైపు తిరిగింది. "గంతగనం తోమమని నీకెవ్వలు చెప్పిండ్రు తమ్మీ? పెండ్లికి తీస్కపోతమా దాన్ని?"

తగరాన్ని వేడితోనే తీయాలి. కానీ గొట్టం మొత్తం వేడెక్కితే దీద్‌బాన్ ఊడుతుంది. ఉస్తాద్ దీద్‌బాన్ చుట్టూ తడిమట్టి మెత్తి, దాని మీద తడిగుడ్డ చుట్టాడు. నేను రాగి దిమ్మను పొయ్యిలో కాల్చి నంబరు మీద మాత్రమే ఆనించేవాణ్ణి. తగరం కదలగానే ఉస్తాద్ నూలుగుడ్డతో ఒక్క ఊపున తుడిచేవాడు. ఆరేడుసార్లు అలా చేశాక నాలుగింటిలో మూడు అంకెలు తేటపడ్డాయి. తేటపడనిది మూడో స్థానంలోని ఎనిమిది. దాని ఎడమ సగంలో తగరం ఉండిపోయింది. కాగితం పెట్టి రుద్దితే మూడు అని వచ్చింది. లైసెన్సులో ఎనిమిది, గొట్టం మీద మూడు. అసలు నంబరే కనబడకపోవడం కన్నా అది చెడ్డది.

"సూదితోని తీద్దామా?" అన్నాను.

"ఇనుము వద్దు. గీత వడ్తది."

రైతు తన ములుగర్ర చివర నుంచి వెదురు పుల్ల చీల్చి, కత్తితో మొన చెక్కి తెచ్చాడు. నేను దిమ్మ ఆనించి తీయగానే, తగరం మెత్తగా ఉండే ఆ కాసేపట్లో, ఆయన పుల్లతో అంకె గాడిని గీకేవాడు. ఆయన చేయి నా చేయి కన్నా నిలకడగా ఉంది. పుల్ల కాలిపోతే మళ్లీ చెక్కేవాడు. దీపాలు పెట్టే వేళకు కాగితం మీద ఎనిమిది వచ్చింది. ఎడమ సగం మాత్రం పలచగా.

"ఇంతకన్న రాదు," అన్నాడు ఉస్తాద్. "రేపు నువ్వు గూడ పో. ఆళ్లు అడగకముందే నువ్వే చెప్పు."

మర్నాడు పొద్దున రైతు, ఆయన భార్య, నేను ముగ్గురం కచేరీకి వెళ్లాం. వరుసలో మా ముందు పది మంది దాకా ఉన్నారు. మా వంతు రాగానే గుమాస్తా కాగితం తీయకముందే, నంబరు మీద తగరం పోసింది నేనేనని చెప్పాను. ఆయన నన్నూ గొట్టాన్నీ చూసి, పెన్సిలుతో రుద్ది, కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు.

"గిది ఎనిమిదా, మూడా?"

"ఎనిమిదే సార్. ఎడమ దిక్కు జర నెమ్మదిగ రుద్దుండ్రి."

మళ్లీ రుద్దాడు. ఈసారి చాలాసేపు చూశాడు. తర్వాత గొట్టాన్ని ఏటవాలుగా పట్టి, గాడిలో గీతలేమైనా ఉన్నాయేమోనని గోరుతో తడిమాడు. లేవు. రెండో ముద్రను రిజిస్టరులో అంటించి, అంకెలో తగరం నా పని వల్లే చేరిందని పక్కన నాచేత రాయించి సంతకం తీసుకున్నాడు. లైసెన్సు మీద మొహరు వేసి తుపాకీని రైతు చేతికిచ్చాడు.

ముగ్గురం బయటికి వచ్చాం. రైతు భార్య తుపాకీని బండిలో గడ్డి మీద పడుకోబెట్టి పైన గొంగడి కప్పింది. పొద్దుగూకకముందే మంచె మీద ఉండాలని రైతు ఎడ్లను తొందరపెట్టాడు.