అన్న కాళ్ల వైపు చూసుకున్న ఏడాది

మా అన్న మగ్గంలో కూర్చుని కాళ్ల వైపు చూసుకుంటున్నాడని వదిన ఫోన్ చేసి చెప్పింది. నేత ఇంట్లో పుట్టినవాడికి ఆ ఒక్క మాట సరిపోవాలి. మాది గుంట మగ్గం. నేసే మనిషి నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు జారవిడిచి కూర్చుంటాడు. కింద తొక్కే కర్రలను కాళ్లే వెతుక్కుంటాయి, చూపు మాత్రం బట్ట మీదే ఉంటుంది. యాభై ఏళ్లుగా నేస్తున్న మనిషి గుంటలోకి వంగి చూస్తున్నాడంటే ఏదో తేడా వచ్చినట్టే.

నాకు ఆ మాట చాలలేదు. దాని వెనకే వదిన ఇంకో మాట అంది మరి.

"ఎవలో ఏదో చేసిండ్రు మరిదీ. మనిషి మనిషి లెక్క లేడు. చెప్పింది యాదికుంటలేదు. జర ఎవలకన్న చూపియ్యాలె."

ఇక నా నోరు ఆగలేదు. నేను కొల్లాపూర్ దిక్కు పల్లెల్లో బడిపంతులుగా పనిచేసినవాడిని. బాణామతి, అంటే చేతబడి, చేసిందని ఒక ముసలామెను పట్టుకుని కొడుతుంటే అడ్డంపడి చొక్కా చింపించుకున్నవాడిని. సభల్లో అరిచాను, పత్రికల్లో రాశాను. "ఎవలో చేసిండ్రు" అనే మాట వినబడితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. వదినకు ఫోన్‌లోనే అరగంట ఉపన్యాసం ఇచ్చాను. వయసు మీద పడ్డాక కాళ్లు తడబడతాయి, మరపు వస్తుంది, ఇందులో ఎవరూ చేసింది ఏమీ లేదని తేల్చేశాను.

ఆమె అంతా విని, "సరే తీ" అని ఫోన్ పెట్టేసింది. ఒక మనిషిని మూఢనమ్మకం నుంచి తప్పించానని నాకు ఆ పూట తృప్తిగా కూడా ఉంది.

ఐదు నెలల తర్వాత ఊరికి వెళ్లాను. భువనగిరిలో దిగి ఆటో ఎక్కితే మా ఊరు. తలుపు తీసే ఉంది, మగ్గం చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడు అన్నదిలా లేదు. అన్న నేస్తుంటే చప్పుడు ఒకే తీరున సాగుతుంది. ఇది ఆగుతూ, తడుముకుంటూ, మళ్లీ మొదలవుతూ నడుస్తోంది. లోపలికి వెళితే వదిన మగ్గం పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

మాది చిటికి నేత. నూలును ముందే ముడులు కట్టి రంగులో ముంచుతాం. ఆ నూలును కండెలకు చుట్టి, వరుస తప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి, అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టి నేస్తే బట్ట మీద పువ్వు దానంతట అది లేస్తుంది. ఒక్క కండె ముందు వెనకలైతే పువ్వు విరుగుతుంది. కండెలు చుట్టడం ఆడవాళ్ల పని. వాటిని వరుసగా తీసుకోవడం నేసేవాడి పని. ఆ రోజు వదిన ఒక్కో కండెనూ తానే ఏరి అన్న చేతిలో పెడుతోంది. పోగు పక్కకు జరిగితే కొంగు సర్దుకుంటున్నట్టుగా వంగి వేలితో సరిచేస్తోంది. బట్ట మీద మాత్రం పువ్వులు చక్కగా, ఒక్కటీ విరగకుండా ఉన్నాయి.

"ఎప్పుడొచ్చినవ్ తమ్మీ?" అన్నాడు అన్న. ఇప్పుడే అన్నాను. నీళ్లు తాగాను. "ఎప్పుడొచ్చినవ్ తమ్మీ?" అన్నాడు. అన్నం ముందు కూర్చున్నప్పుడు మూడోసారి అదే మాట. వదిన ఆయనను చూడలేదు, నన్ను చూసింది.

మా నాన్నను బాపు అనేవాళ్లం; ఆయన చివరి రెండేళ్లు నన్ను "సారూ" అని పిలిచాడు. ఇంటికి ఎవరో పంతులు వచ్చాడనుకుని లేచి నిలబడేవాడు. ముసలితనం అన్నారు అందరూ, నేనూ అన్నాను. అన్న కూడా అదే తోవలో పోతున్నాడా? ఇంకో ఏడాదికి నన్ను చూసి లేచి నిలబడతాడా?

మర్నాడే నల్లగొండ తీసుకెళ్లాను. నరాల డాక్టరు చిన్న వయసు ఆమె, తొందర లేని మనిషి.

"పెద్దాయనా, ఇయ్యాల ఏ వారం?"

"బేస్తారం." ఆ రోజు గురువారమే, తప్పు లేదు.

"ఎక్కడున్నరు మీరు?"

"దవాఖానల. నువ్వు డాక్టరమ్మవు. గీయన నా తమ్ముడు, పుస్తకాలు సదివి భయపడి నన్ను తోలుకొచ్చిండు."

డాక్టరు నవ్వింది. మూడు మాటలు చెప్పి కాసేపాగి అడిగితే రెండు చెప్పాడు. ఆ మాత్రం మరపు మామూలే అంది. పని ఎట్లా నడుస్తోందని అడిగింది.

"ఫస్టుగ! పోయిన నెల చీరల ఒక్క పువ్వు ఇరగలే. కావాలంటె అడుగుండ్రి."

అందులో అబద్ధం లేదు. చీర బాగానే ఉంది. పని అంత బాగా చేస్తున్నాడంటే మరీ భయపడాల్సింది లేదని ఆమె చీటీ రాయబోయింది.

"చేతులు ఆయనయే," అంది వదిన తల ఎత్తకుండా. "నేసింది నేను."

అప్పుడు చెప్పింది. ఏడాదిగా కండెలు తానే అందిస్తోందట. ఏది ఎప్పుడు పెట్టాలో చెబుతోందట. కాలికి కర్ర దొరక్కపోతే "ఎడమది" అని చిన్నగా అంటోందట. డాక్టరు ఎందుకు దాచావని అడిగింది.

"చిటికి నేసేటోని చేతుల పువ్వు ఇరిగిందంటె అంత మందికి తెలుస్తది డాక్టరమ్మా. ఆయన తల ఎత్తుకోని తిరుగుతడా?" అని నా వైపు తిరిగింది. "నీకు చెప్పిన గద మరిదీ. ఎందుకైందో నేను చెప్పింది తప్పే అనుకో. చూసింది గూడ తప్పేనా?"

ఎన్నో వేదికల మీద ఎందరికో జవాబులు చెప్పాను. ఈసారి ఆమె ఫోన్‌లో చెప్పిందంతా, కాళ్ల వైపు చూసుకోవడంతో సహా, డాక్టరుకు చెప్పాను.

డాక్టరు చీటీ పక్కన పెట్టింది. ఒక చిన్న ఉక్కు పంగలకర్ర లాంటిదాన్ని మోగించి అన్న బొటనవేలికి ఆనించింది. అది వణుకుతుంటే తెలుస్తోందా అని అడిగింది. తెలియలేదు. చీలమండ దగ్గర కొద్దిగా తెలిసింది. ఏం గోలీలు వాడుతున్నారని అడిగితే వదిన సంచిలోంచి షుగర్ గోలీల పట్టీ తీసింది. పదేళ్లుగా అవే.

ఆ రోజే రక్తం ఇచ్చాం. తలకు ఎమ్మారై తీయించాం. ఇనుము, రాగి ఒంటి మీద ఉండకూడదని అక్కడి కుర్రాడు చెప్పగానే అన్న జబ్బకున్న తాయెత్తు విప్పి వదిన చేతిలో పెట్టాడు. నలభై ఏళ్ల నా వాదానికి కదలని తాయెత్తు అది! బయటికొచ్చాక, "మరమగ్గం లోపట పండవెట్టిన్రు తమ్మీ. గంత చప్పుడైంది గని గజం బట్ట గూడ రాలే," అన్నాడు. నవ్వు రావలసిన మాటే. నాకు రాలేదు. నా మనసంతా ఆ ఫిల్ముల మీద ఉంది.

రెండు రోజుల తర్వాత డాక్టరు ఫిల్ములను వెలుగుకు పెట్టి చూపించింది. మెదడు కుంచించుకుపోలేదు. రక్తం గడ్డకట్టలేదు. గడ్డలు లేవు. వయసుకు తగ్గట్టే ఉంది. రక్తంలో మాత్రం బి పన్నెండు అనే విటమిన్ ఉండవలసిన దాంట్లో నాలుగో వంతు కూడా లేదు. అది తగ్గితే నరాల పైపొర దెబ్బతింటుందట. ముందు పాదాలు మొద్దుబారతాయి, తర్వాత జ్ఞాపకం మసకబారుతుంది.

"సూదులు ఇద్దాం. మతిమరుపు జబ్బును ముందుగా పట్టే రక్త పరీక్షలు కూడా ఇప్పుడు వస్తున్నాయి. మెదడులో పేరుకునే ప్రొటీన్ల జాడ రక్తంలోనే తెలుస్తుంది. కానీ ముందు ఇది సరిచేసి చూద్దాం. తగ్గకపోతే అప్పుడు అవి చేయిద్దాం," అంది.

"ఎందుకు తగ్గిపోయింది డాక్టరమ్మా?" అన్నాను. ఉపవాసాలో మొక్కులో అంటుందని, ఆ మాట మీద నాలుగు మాటలు అందుకోవచ్చని నాలో ఒక మూల ఆశ ఉన్నట్టుంది.

"ఈ షుగర్ గోలీలు ఏళ్ల తరబడి వాడితే కొందరికి తగ్గుతుంది. గోలీలు మంచివే, మానొద్దు. కానీ మధ్యమధ్య రక్తం చూపించుకోవాలి. ఎవరూ చెప్పలేదా?"

షుగరుకు నాటు వైద్యుడిచ్చే వేరు మందు మాన్పించి ఆ గోలీలు పట్టించింది నేనే. పూట తప్పితే కోప్పడిందీ నేనే. పదేళ్లలో ఒక్కసారి రక్తం చూపిద్దామన్న ఆలోచన నాకు రాలేదు.

"అయితె చేసింది నువ్వేనన్నట్టు మరిదీ!" అంది వదిన. మొదట పకపకా నవ్వింది డాక్టరే.

గోలీ మింగడమే సైన్సు అనుకున్నాను నేను. ఏదైనా మందు ఒంట్లో ఏం చేస్తోందో మళ్లీ మళ్లీ చూసుకోవడం కూడా సైన్సే. వదిన ఏ పుస్తకమూ లేకుండా ఆ చూసే పని చేసింది. ఆమె చెప్పిన కారణాన్ని కొట్టిపారేసే ఆవేశంలో ఆమె చూసినదాన్నీ విసిరేశాను. బాపు విషయంలో కూడా ఇంత సులువైనదే ఏదైనా ఉండేదేమో! ఒక్క చుక్క రక్తమైనా తీసి చూడలేదు. అది ఇక తేలదు.

సూదులు మొదలయ్యాక మొదటి నెల పెద్ద తేడా కనబడలేదు. రెండో నెలలో ఒకసారి వెళితే, ఎప్పుడొచ్చినవని ఒక్కసారే అడిగాడు. నేను సాయంత్రం దాకా లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఇంకో నెలకు, "గా కండె కాదే, దాని ముందటిది," అని వదినను కసిరాడట. తిట్టించుకున్న సంగతిని ఫోన్‌లో అంత సంబరంగా చెప్పిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆర్నెల్లకు మళ్లీ నల్లగొండ వెళ్లాం. డాక్టరు ఈసారి ఐదు మాటలు చెప్పి అడిగింది. అన్న ఐదూ వరుసగా చెప్పి, పోయినసారి మూడే అడిగినవు గదా అని ఆమెనే నిలదీశాడు. పాదాల తిమ్మిరి కొంత ఉండిపోవచ్చు, జ్ఞాపకానికి భయం లేదు, ఆ ప్రొటీన్ పరీక్ష ఇప్పుడు అక్కర్లేదు అంది.

బయటికి రాగానే వదిన వరండాలో బెంచీ మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇన్ని నెలల్లో ఆమె కంట నీరు నేను చూడలేదు. అన్నకు ఏమీ అర్థం కాలేదు.

"ఎందుకేడుస్తున్నవే? మంచిగైందనే చెప్పె గదా!"

"గందుకే," అంది వదిన ముక్కు చీదుకుంటూ. "కానప్పుడు ఏడ్వనీకె తీరిక యాడుంది?"

అన్న పక్కన కూర్చున్నాడు. ఇద్దరి మధ్యనున్న మందుల సంచి తీసి నా చేతికిచ్చి, ఆమె వైపు జరిగాడు.