చేపల సూపు కొట్టులో నలభై ఆరు వోల్టులు

తైవాన్‌లోని తైనాన్‌లో మా వీధివాళ్లకి ఛిన్‌ష్వే తెలియకపోవడమంటూ లేదు. సిటీ బస్సు నడిపి రిటైరయ్యాక కరెంటు పని నేర్చుకున్నాడు. మొట్టమొదట కొన్నది వోల్టులు కొలిచే డిజిటల్ మీటరు. దాన్ని నడుముకు తగిలించుకుని గుడికి కూడా వెళ్లేవాడు. భార్య షూఫెన్ ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు ఫ్యాన్లు పరీక్షించే బల్ల దగ్గర పనిచేసిన మనిషి. రెండు తీగలు వేలాడే ఆమె పాత టెస్టు బల్బును మ్యూజియానికి ఇచ్చేయమని ఏడిపించేవాడు.

ఓ ఉదయం యూమే చేపల సూపు కొట్టులో పొగ బయటికి లాగే ఫ్యాను ఆగిపోయింది. ఛిన్‌ష్వే వచ్చి దాని తీగలకు మీటరు పెట్టాడు. నలభై ఆరు వోల్టులు. స్విచ్చి ఆపాడు. అదే నలభై ఆరు. ఫ్యాను ఫ్యూజు కూడా పీకేశాడు. నలభై నాలుగు. కరెంటు కట్టేసినా అంకె పోదేమంటూ రెండడుగులు వెనక్కి వేశాడు.

యూమేకి మాత్రం సంగతి అర్థమైపోయింది. కిందటేడు పోయిన ఆమె మొగుడు ఏనాడూ ఆ ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు. సూపు వాసనే గిరాకీని లాక్కొస్తుందని ఆయన నమ్మకం. గబగబా మూడు అగరొత్తులు వెలిగించి, ఫ్యాను కింద సూపు గిన్నె పెట్టింది.

"నీ గాలాలన్నీ మా తమ్ముడికిచ్చేశాను. అందుకేగా ఈ కోపం?"

మీటరు నలభై ఎనిమిదికి ఎక్కింది.

"ఔనంటున్నాడక్కా," అన్నాడు ఛిన్‌ష్వే. సూపు తాగుతున్న మేం నలుగురం చెంచాలు కింద పెట్టేశాం.

అంతలో మొగుడికి క్యారేజీ తెచ్చిన షూఫెన్ సంగతంతా విని, ఫ్యూజు తిరిగి పెట్టించి, స్విచ్చి వేయించి, సంచిలోంచి బల్బు తీసి అవే తీగలకు ఆనించింది. వెలగలేదు. మీటరు కూడా సున్నాకి పడిపోయింది.

"ఏమయ్యా, పక్కన కరెంటున్న తీగ ఉంటే, తెగిన తీగ మీదా దాని నీడ పడుద్ది. నీ మీటరు నీడనీ లెక్కేస్తది. బల్బు వెలగాలంటే అసలు కరెంటే రావాలి."

"మరి మా ఆయన?" అంది యూమే.

"ఆయన లేడక్కా. ఎలుకుంది."

పైకప్పు విప్పి చూస్తే తీగ కొరికేసి ఉంది. కొత్తది లాగేసరికి ఫ్యాను గిర్రున తిరిగింది. యూమేకి మాత్రం సంతోషం లేదు. ఇంకా అడగాల్సినవి చాలా ఉన్నాయని, మీటరు తీయడానికి అంత తొందరేమొచ్చిందని సాయంత్రందాకా సణిగింది.

ఇప్పుడు ఛిన్‌ష్వే కరెంటు వస్తోందా లేదా తేల్చడానికి బల్బు, ఎంత వస్తోందో చూడటానికి మీటరు తీస్తాడు. అయితే బల్బు షూఫెన్‌ది. బతిమాలితేగాని ఇవ్వదు.