తాళం చూసి రాసిన మాట

పోయిన సెప్టెంబరులో ఇక్కడి తెలుగువాళ్ళ నెలపత్రికలో నేనొక మాట రాశాను. "ఈ జట్టు కోచ్ గారు ఇంకా సెలవుల్లోనే ఉన్నట్టున్నారు. కోర్టు గేటుకు వేసిన తాళమే ఈ ఏటికి వీళ్ళ డిఫెన్స్." అది అబద్ధం. కావాలని రాసింది కాదు, అయినా అబద్ధమే. ఇన్నాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పాలని కూర్చున్నాను.

మస్కట్‌లోనూ ఒమాన్‌లోని మరికొన్ని ఊళ్ళలోనూ ఉన్న కాలేజీల మధ్య ఏటా చలికాలంలో బాస్కెట్‌బాల్ లీగ్ జరుగుతుంది. ఆరు జట్లు. ప్రతి జట్టులోనూ మనవాళ్ళ పిల్లలు ఒకరో ఇద్దరో ఉంటారు. అందుకని సీజన్ మొదలయ్యే ముందు ఏ జట్టు ఎలా ఉందో రాసే పని పత్రిక సంపాదకుడు నాకు అప్పగించాడు. నాది అల్ ఖువైర్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసు ఉద్యోగం. కరీంనగర్‌లో డిగ్రీ చదువుతూ మూడేళ్ళు ఆడాను, అదొక్కటే నా అర్హత. రుస్తాఖ్ జట్టులో పొడగరులున్నారనీ, బహ్లా వాళ్ళు పరుగుతోనే గెలుస్తారనీ ఫోన్లో అడిగి తెలుసుకుని, నాలుగు చమత్కారాలు కలిపి రాసేవాణ్ణి.

మా ఇంటిదారిలో ఉన్న కాలేజీకి కోచ్ కడప మనిషి. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. పదకొండేళ్ళుగా అక్కడే పనిచేస్తున్నాడు. ఫోన్ చేస్తే ఆయన జట్టు గురించి ఏమీ చెప్పలేదు.

"ఫోన్లో ఏం చెప్తా న్నా. పొద్దున్నే ఒక్కసారి వచ్చి చూడు. ఫజర్ నమాజు కాంగానే మొదలుపెడ్తాం."

"గంత పొద్దుగాల్నా భాయ్? నాకు ఏడింటికి డ్యూటీ."

"ఐదుకొస్తే ఆరుకి పోవచ్చు. చాయ్ నేనిప్పిస్తాలే."

"వస్త తియ్," అన్నాను. వెళ్ళలేదు.

కరీంనగర్‌లో మాకు పొద్దున పరుగు, సాయంత్రం ఆట. బంతి బయటికి వచ్చేది సాయంత్రమే. ఇక్కడా అంతే అనుకున్నాను. ఆఫీసు నుంచి వస్తూ మూడు సాయంత్రాలు ఆ గేటు దగ్గర కారు ఆపాను. మూడు రోజులూ తాళమే. లోపల కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్ నన్ను చూసి లేచేవాడు, చెయ్యెత్తేవాడు. సలాం పెడుతున్నాడనుకుని నేనూ చెయ్యూపి వచ్చేసేవాణ్ణి. ఏసీ నడుస్తోంది, అద్దం దించలేదు. సిమెంటు కోర్టు ఆ రోజుల్లో పొద్దు గుంకేదాకా పెనంలా కాలుతుందనీ, ఆ తర్వాత ఆడుకుందామంటే అక్కడ లైట్లు లేవనీ నాకు తట్టలేదు. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఎండల్లో ఉంటున్నవాణ్ణి నేను.

పత్రిక అందరి ఫోన్లకూ వెళ్ళింది. "దెబ్బ బాగ కొట్టినవ్ అన్నా" అని ఒకరు, నవ్వుతున్న బొమ్మలు పెట్టి ఇంకొందరు. నాకు ఆ పూటంతా హాయిగా గడిచింది.

వారానికి కోచ్ ఫోన్ చేశాడు. కాలేజీ అకౌంట్స్‌లో ఉన్న తెలుగాయన ఒకడు నా రాతను పెద్దసారుకు హిందీలో వినిపించాడట, సరదాకే. పెద్దసారు నవ్వలేదు. కోచ్ కాంట్రాక్టు రెన్యువల్ కాగితం అప్పుడు ఆయన బల్ల మీదే ఉంది.

"తిట్టు భాయ్," అన్నాను.

"తిడితే సంతకం పెడ్తాడా న్నా? నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు. నేను చూడలేదు, ఊరికే రాసినా అని. అంతే."

మర్నాడు సగంరోజు సెలవు పెట్టి పెద్దసారు ఆఫీసుకు వెళ్ళాను. అపాయింట్‌మెంట్ ఉందా అన్నారు. లేదన్నాను. రెండు గంటలు కూర్చోబెట్టి, ఉత్తరం ఇచ్చి వెళ్ళమన్నారు. ఇచ్చాను, ముద్ర వేసి తీసుకున్నారు. రెండోసారి వెళ్తే ఫైలు వేరే సెక్షన్‌కు పోయిందన్నారు. మూడోసారి, అది బడ్జెట్ విషయం, మీ ఉత్తరానికీ దానికీ సంబంధం లేదన్నారు. నేను రాసిన సవరణను పత్రికలో చివరి పేజీలో, రూమ్ షేరింగ్ ప్రకటనల కింద వేశారు. దానికి ఎవరూ ఏ బొమ్మా పెట్టలేదు.

కాంట్రాక్టు పొడిగించలేదు. నోటీసు నెలలో కూడా ఆయన ప్రాక్టీసు మానలేదని విని, అప్పుడు వెళ్ళాను, తెల్లారకుండానే. నేను వెళ్ళేసరికి ఆయన పైపుతో కోర్టు కడుగుతున్నాడు. వెలుగు పడేసరికి పదకొండు మంది పిల్లలు దిగారు. బంతి నేలకు తగలకుండా ఈ కొస నుంచి ఆ కొసకు చేతులు మారుతోంది. డిఫెన్సులో ఉన్నవాళ్ళు ఎదుటివాడు ఎటు వస్తున్నాడో ఒకరికొకరు అరిచి చెప్పుకుంటున్నారు. అరబ్బీలో ఎడమకు యసార్, కుడికి యమీన్. మలయాళీ పిల్లవాడూ, మన పిల్లవాడూ, ఒమానీ పిల్లవాడూ అందరూ అవే మాటలు.

"చూస్తాండావా న్నా? పోయినేడు వీళ్ళు మూగోళ్ళు. నోరు తెరిపియ్యనీకే నాకు నాలుగు నెల్లు పట్టె."

"ఇదీ నేను రాయాల్సింది," అన్నాను.

"రాయి. ఎవరొద్దన్నారు."

చెప్పినట్టే చాయ్ ఇప్పించాడు. నా మాట వల్లే ఇదంతా జరిగిందా అని అడిగాను.

"ఏమో న్నా. అడిగితే బడ్జెట్ అంటారు. నీ రాత వల్లనే అని వాళ్ళు చెప్పరు, కాదనుకోని నువ్వు నిద్రపోలేవు." గ్లాసు కింద పెట్టాడు. "ఒక్కరోజు పొద్దున్నే లేచింటే సరిపోయేది గదా."

ఇప్పుడు కడపలో ఒక స్కూల్లో పిల్లలతో డ్రిల్లు చేయిస్తున్నాడు. నా ఫోన్ ఎత్తుతాడు, బాగానే మాట్లాడతాడు. ఆట సంగతి మాత్రం ఎత్తడు.

ఈ ఏడు కూడా సంపాదకుడు అడిగాడు. "పోయినేటి లెక్క నవ్వొచ్చేటట్టు రాయ్ అన్నా." ఏం రాయాలో తెలియక మొన్న పొద్దున ఐదింటికే ఆ కాలేజీ దగ్గరికి వెళ్ళాను. గేటుకు తాళం. అదే వాచ్‌మన్ లేచి చెయ్యెత్తాడు. ఈసారి అద్దం దించాను. జగిత్యాల మనిషట.

"పొద్దున రారు సార్. కొత్తాయన వచ్చినంక ఏసీ హాల్ల ఆడుతున్నరు."

"పోయినేడు వచ్చేటోళ్ళు కదా?"

"రోజూ. ఆ సారు చీకట్లనే వచ్చి నీళ్ళు కొడుతుండె." కాసేపు నా కారు వంక చూశాడు. "మీరు సాయంత్రాలు వచ్చి ఆగుతుంటిరి. పొద్దున రాండ్రి అని చెప్దామనే నేను లేస్తుంటి. మీరు చెయ్యూపి పోతుంటిరి."

ఐదు జట్ల గురించి రాసి పంపేశాను. ఆరో జట్టు దగ్గర వేసుకోమని ఇది రాస్తున్నాను. దీనివల్ల ఏ కాగితం మీదా సంతకం పడదని నాకు తెలుసు.