పాపాతి బోర్లించిన కప్పు

రాబోయే పదేళ్ళు ఈ దేశంలో కంప్యూటర్లు ఏం నేర్చుకోవాలో తేల్చింది మా అవ్వ పాపాతి. నమ్మకపోతే మానండి. గుడియాత్తంలో ఇసుక మోసిన మనిషి, ఫోన్‌లో ఏ బొత్తాం నొక్కితే మాట వినిపిస్తుందో ఇప్పటికీ నన్నే అడిగే మనిషి, వేలూరు వెళ్ళి, ఏసీ గదిలో కూర్చుని, పెద్ద చదువులవాళ్ళకు దారి చూపించి వచ్చింది. ఆ దారి ఎక్కడికి పోయిందో కూడా చెబుతాను.

మా వాళ్ళు తాతల కాలం నుంచి ఇళ్ళు కట్టేవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూ. అవ్వ పుట్టింది లత్తేరి పక్కన. పెళ్ళయి గుడియాత్తం రాగానే నెత్తిన ఇనుప తట్ట పెట్టారు. ఇప్పుడు నడుం వంగింది, మోకాళ్ళు అరిగాయి. అయినా స్లాబు పోసే రోజు ఎవరైనా పిలిస్తే చాలు, నొప్పులన్నీ ఇంట్లో నాకు అప్పజెప్పి తను బయలుదేరేది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మేస్త్రీ చెప్పింది నచ్చకపోతే ఆడవాళ్ళు గొడవ పడరు. తట్ట నేల మీద బోర్లించి దాని పక్కన కూర్చుంటారు. మేస్త్రీ తనే దగ్గరికి వచ్చి, "ఏమ్మా, ఏం సంగతి?" అని అడగాలి. అడిగేదాకా ఎవరూ లేవరు. అడగకుండా పని జరిపించుకున్న మేస్త్రీకి ఆ తర్వాత మనుషులు దొరకరు. అవ్వ చాలాసార్లు తట్ట బోర్లించింది. ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి అడిగారు.

ఆమెకు ఒక్కడే కొడుకు, మా మేనమామ సెల్వం. కే.వి.కుప్పంలో కల్యాణ మండపం స్లాబు పోస్తున్నప్పుడు కింద సెంట్రింగ్ చూసుకుంటున్నాడు. పచ్చి కాంక్రీటు గట్టిపడేదాకా దాని బరువంతా మోసేవి కింద నిలబెట్టిన ఈ సెంట్రింగ్ కట్టెలే. వాటిలో ఒకటి విరిగే ముందు కిర్రుమంది. పైన తట్ట అందిస్తున్న అవ్వ విన్నది. మిక్సర్ చప్పుడే అనుకుని పక్క మనిషికి తట్ట అందించింది. ఆ తర్వాత స్లాబు లేదు, మామ లేడు.

అప్పటి నుంచి ఆమెకు ఒక పిచ్చి పట్టుకుంది. దారిలో ఎక్కడ సెంట్రింగ్ కనిపించినా, అది ఎవరి ఇల్లయినా సరే, లోపలికి దూరి కట్టెలను చేత్తో తట్టి, చెవి ఆనించి వినేది. ఇంటివాళ్ళు దొంగ అనుకుని కేకలు వేసేవారు.

"అవ్వా, నిన్ను పోలీసులు పట్టుకుపోతే నువ్వెవరో నాకు తెలీదని చెప్తా" అనేదాన్ని.

"అదే మేలు. నీ మొఖం చూస్తే కేసు ఇంకా పెద్దదైతాది."

పోయిన ఏడాది మోనిష అనే అమ్మాయి మా వీధికి వచ్చింది. వేలూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేస్తోందట. ఈ దేశంలో కంప్యూటర్ పరిశోధన రాబోయే పదేళ్ళు ఎటు పోవాలన్నది ప్రొఫెసర్లు మాత్రమే తేల్చకూడదట. రైతులు, నర్సులు, తోలు ఫ్యాక్టరీవాళ్ళు, ఇళ్ళు కట్టేవాళ్ళు అందరూ ఒకచోట కూర్చుని తేల్చాలట. "మీకు ఎలాంటి యంత్రం కావాలో మీరే వచ్చి చెప్పాలమ్మా" అంది తమిళంలో.

అవ్వ వక్క నమలడం ఆపింది. "ఏది అడిగినా చేస్తారా?"

"అడిగితేనే కదా మాకు తెలిసేది."

"అట్లయితే వస్తా."

పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుని బయలుదేరింది. ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలో సెలవు పెట్టి నేను తోడు వెళ్ళాను. బస్సులో, "అక్కడ నోట మాట రాకపోతే ఏం చేస్తావు?" అని అడిగాను.

"నువ్వు పక్కన ఇకిలించకుండా ఉండు. నా మాట నేను చూసుకుంటా."

చూసుకుంది కూడా. తన వంతు రాగానే లేచి, సగం తెలుగులో, సగం తమిళంలో చెప్పింది. "సారూ, కట్టె ఇరిగే ముందు అరస్తాది. మిక్సర్ మోతలో మాకి ఇనపడదు. మీ మిషను ఇనాల. ఇని, మాకన్నా గట్టిగా అరవాల. కిందుండే బిడ్డ బయటికి పరిగెత్తేంత సేపు దొరికితే చాలు నాయనా."

సభ నడిపిస్తున్న ప్రొఫెసర్ పార్థిబన్ ఆ మాటను స్వయంగా పసుపు కాగితం మీద రాసి గోడకు అంటించాడు. అన్నం తింటున్నంతసేపూ అవ్వ ఆ గోడ వైపే చూస్తూ కూర్చుంది. బడిలో బిడ్డ స్టేజి ఎక్కితే తల్లి చూసినట్టు.

మధ్యాహ్నం వచ్చేసరికి గోడ మీద కాగితాలన్నీ కొన్ని గుంపులయ్యాయి. అవ్వ కాగితం 'పనిచోట భద్రత' కిందికి చేరింది. పార్థిబన్ వివరించాడు. మోతలో వినే యంత్రం చేయడం కష్టం, దానికి చాలా ఏళ్ళు పడుతుంది. చూసే యంత్రం సులువు. కెమెరాలు పెడితే హెల్మెట్ పెట్టుకోనివాళ్ళు ఎవరో, ఉండకూడని చోట ఎవరు ఉన్నారో, పని వదిలి ఎవరు కూర్చున్నారో కంప్యూటరే కనిపెడుతుంది. సాయం చేయడానికి ఒక బిల్డర్ కూడా ముందుకు వచ్చాడు. "అందరికీ సమ్మతమేనా?" అని పార్థిబన్ అడిగాడు.

అవ్వ కప్పులో మిగిలిన టీ గటగటా తాగేసింది. కాగితం కప్పును బల్ల మీద బోర్లించింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

"అవ్వా, ఇది స్లాబు కాదు. లేచి చెప్పు" అని చెవిలో గొణిగాను.

"ఉండు. వస్తాడు."

"బోర్లిస్తే ఏమిటో వాళ్ళకు తెలీదు అవ్వా!"

"మనుషుల్ని పిలిపించి కూర్చోబెట్టినోడికి ఆమాత్రం తెలీదా?"

నేను లేవబోయాను. చున్నీ పట్టి కిందికి లాగింది. "కూర్చోమ్మే. ఆయప్ప వచ్చి అడగాల. అడగకనే చెప్తే అడుక్కున్నట్టు ఉంటాది."

పార్థిబన్ మా బల్ల వైపు చూశాడు. కప్పును కూడా చూశాడు. నవ్వి, "చాలా సంతోషం, ఎవరికీ అభ్యంతరం లేదు" అన్నాడు. చప్పట్లు మోగాయి. బల్లలు శుభ్రం చేసే మనిషి వచ్చి కప్పు తీసి బుట్టలో వేసి, గుడ్డతో తుడిచి వెళ్ళిపోయాడు. అవ్వ ఆ తుడిచిన చోటు మీద అరచెయ్యి ఆనించింది.

గేటు దగ్గర మోనిషను పట్టుకుని సంగతంతా చెప్పాను. ఆ పిల్ల మొహం వాడిపోయింది. "అప్పుడే చెప్పాల్సిందక్కా. ఇప్పుడు అందరూ ఒప్పుకున్నట్టు అయిపోయింది" అంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కే.వి.కుప్పం దాటుతుంటే అవ్వ కళ్ళు మూసుకుంది. నేను ఆట పట్టించలేదు.

ఈ ఏడాది గుడియాత్తంలో కడుతున్న అపార్ట్‌మెంట్ల దగ్గర కెమెరాలు వచ్చాయి. 'కట్టడ కార్మికుల సలహాతో తయారైనది' అని పెద్ద బోర్డు పెట్టారు. అవ్వతో కలిసి ఏళ్ళ తరబడి తట్టలు మోసిన చౌడేశ్వరిని, మాటిమాటికీ నీడన కూర్చుంటోందని కంప్యూటర్ చూపించిందట. రేపటి నుంచి రావద్దన్నారు. ఆమె నేరుగా మా ఇంటికి వచ్చింది.

"అక్కా, ఈ కన్ను నువ్వే అడిగి తెచ్చినావంట గదా?"

"నేను అడిగింది చెవి."

"మరి ఆ చెవి యాడుండాది?"

అవ్వ లేచి చెంబు అందించింది. చౌడేశ్వరి మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

సెంట్రింగ్ కింద అవే కట్టెలు. వాటిని వినేవాళ్ళు ఎవరూ లేరు. స్లాబు పనికి అవ్వను పిలిచేవాళ్ళు కూడా లేరు. పొద్దున పనికి పోయే ఆడవాళ్ళు తట్టలు చంకన పెట్టుకుని మా గుమ్మం ముందు నుంచే పోతారు. తెలిసినవాళ్ళే. ఇటువైపు చూడరు. అవ్వ మాత్రం రోజూ వాళ్ళు పోయే వేళకు తయారై గుమ్మంలో కూర్చుంటుంది. "ఎవరికోసం ఈ అలంకారం?" అని వెక్కిరించేదాన్ని. ఇప్పుడు మానేశాను.

మొన్న మోనిష ఫోన్ చేసింది. వేలూరులో మళ్ళీ సభ ఉందట. సామాన్యులు చెప్పిన మాట కంప్యూటర్ పరిశోధనను ఎలా మార్చిందో పాపాతి అమ్మే స్టేజి ఎక్కి చెబితే బాగుంటుందని పెద్దవాళ్ళు అనుకుంటున్నారట. ఆ మాట చెప్పడానికి ఆ పిల్లే సిగ్గుపడుతోంది.

ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి అవ్వ దగ్గరికి వెళ్ళాను. "అవ్వా, వేలూరులో నీకు శాలువా కప్పుతారంట. ఈసారి మైకు నీ చేతికే ఇస్తారు. కడుపులో ఉన్నదంతా కక్కేసి రా, ముందు వరుసలో కూర్చుని నేను ఈల వేస్తా. మోనిష లైన్‌లో ఉంది. ఏం చెప్పమంటావు?"

"నేను చచ్చిపోయినానని చెప్పు."